ఎండలో రంగు

జ్ఞాపకాలు రాసుకునేంత వయసు నీకెక్కడిదని మా ఆవిడ అడిగింది. నిజమే. తల పూర్తిగా నెరవలేదు, మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి, మనవల సంగతి అలా ఉంచితే ఉన్న ఒక్క కొడుక్కే ఇంకా ఎక్కాలు రాలేదు. కానీ పోయిన నెల ఒక మధ్యాహ్నం రాజాంలో నా మ్యాచింగ్ సెంటర్లో కూర్చుని జాకెట్టు ముక్కలు చుడుతుంటే కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి మా మావ కూతురు కుమారి దిగింది. వెనకాలే దాని కూతురు. కుమారి గుడ్డ సంచీలోంచి పాత తువ్వాల్లో చుట్టిన పట్టుచీర ఒకటి తీసి నా బల్ల మీద పెట్టి, "బావా, దీన్ని కోయించి మా గుంటకి లంగా కుట్టించాల. నువ్వే దగ్గరుండి కోయించు. ఇంకొకలకి ఇస్తే నాశనం సేసెత్తారు" అంది. మిరపపండు రంగు చీర, మామిడిపిందెల అంచు. అది దాని పెళ్లి చీర. దాన్ని నాకెవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ చీరని ఈ లోకంలో అందరికంటే ముందు కట్టుకున్నది నేనే.

కంగారు పడకండి. అది నా ఉద్యోగం. ఆ రోజుల్లో నేను రాజాం మెయిన్ రోడ్డు మీద ఒక చీరల కొట్లో పనిచేసేవాణ్ణి. పట్టుచీర మడతలో చూస్తే ఎవరికీ నచ్చదు. బల్ల మీద పరిస్తే సగం నచ్చుతుంది. ఒంటి మీద చూస్తేనే బేరం తెగుతుంది. ఆడపిల్లని అక్కడే కట్టుకుని చూపించమనలేరు కాబట్టి ఆ అదృష్టం మాది. ప్యాంటు మీద, బెల్టులోకి కుచ్చిళ్లు దోపుకుని, పైట భుజాన వేసుకుని, నడుం కొంచెం వంచి నిలబడాలి. ఇంటర్ రెండోసారి కూడా నన్ను వద్దనుకున్నాక నేను నేర్చుకున్న విద్య ఇది. మొదటి వారం సిగ్గుతో చచ్చాను. రెండో వారానికి అద్దంలో చూసుకుని ఆకుపచ్చ నాకు నప్పదని తెలుసుకున్నాను.

పొద్దున్నే కొట్టు తెరవగానే ఒక వాసన వచ్చేది. గంజి, కలరా ఉండలు, షావుకారు వేసే సాంబ్రాణి, రాత్రి ఎవరో తిని మరిచిపోయిన వేరుశెనగ పొట్టు, అన్నీ కలిసిన వాసన. తెల్ల పరుపుల మీద దుప్పట్లు దులిపి పరిచేవాళ్లం. ఆ తర్వాత మా సీనియరు పైడిరాజు మమ్మల్నందరినీ వరసగా నిలువుటద్దం ముందు నిలబెట్టేవాడు. ఆయన ఆ కొట్లో ఎప్పట్నించి ఉన్నాడో ఆయనకే తెలీదు. షావుకారు వాళ్ల నాన్న ఫొటో కంటే ముందునుంచి ఉన్నాడని చెప్పుకునేవారు. "మొగం దిద్దుకోండ్రా" అనేవాడు. తల కాదు, చొక్కా కాదు, మొహం. "ఇంటికాడ పెళ్లాంతో తగువైనా, కడుపులో నొప్పైనా, అన్నీ ఆ సెప్పుల కాడ ఇడిసేసి రండి. పెళ్లి బట్టలకొచ్చినోలు సీర సూసి కొనరు. సీర మీదున్న మొగం సూసి కొంటారు. ఏడుపు మొగం మీద ఏసిన సీర ఊరకే ఇచ్చినా ఎవులూ ముట్టరు."

నవ్వడం కూడా ఆయనే నేర్పాడు. పళ్లతో నవ్వితే పళ్లపొడి ప్రకటనలా ఉంటుందట. కళ్ల కింద కండలు పైకి లేవాలి, దవడ వదులుగా ఉండాలి, తల ఒక పక్కకి కొంచెం వాలాలి. ఒకసారి ఆయనకి పన్ను వాచి బుగ్గ బొబ్బాసికాయంత అయింది. అయినా పొందూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద పెళ్లి బేరాన్ని ఆ బుగ్గతోనే లాగాడు. ఎవరైనా అటు చూస్తే "కిల్లీ అమ్మా, కిల్లీ" అనేవాడు. బేరం అయ్యాక గొడౌన్‌లోకి వెళ్లి ఒక ధోవతుల కట్టని కరిచిపట్టుకుని మూలిగాడు. ఆ ధోవతులు కూడా తర్వాత అమ్ముడుపోయాయి.

ఇంతకీ కుమారి సంగతి. మా అమ్మకి ఒక్కడే తమ్ముడు, సత్యం మావ. నరసన్నపేట అవతల ఊరు, నాలుగు ఎకరాల వరి పొలం. నేను పుట్టినప్పుడు బారసాలలో "నా అల్లుడు" అన్నాడట. కుమారి పుట్టినప్పుడు "నీ పెళ్లాం వచ్చిందిరా" అని దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడట. నేను అప్పుడు బెల్లంముక్క తింటున్నాను కాబట్టి పెద్దగా పట్టించుకోలేదని సాక్షులు చెబుతారు. తర్వాత పట్టించుకున్నాను. వేసవి సెలవులకి మావ ఇంటికి వెళితే, పొద్దున్నే చోడి అంబలిలోకి ఆవకాయ ముక్క నాకు పెద్దది వేసి తను చిన్నది వేసుకునేది కుమారి. అంతకు మించిన ప్రేమ వ్యవహారం మా మధ్య నడిచిందని ఎవరైనా అంటే నమ్మకండి. మా వైపు అదే చాలా ఎక్కువ. అది నన్ను ఏడిపించేది, నేను దాన్ని ఏడిపించేవాణ్ణి, పెద్దవాళ్లు చూసి మురిసిపోయేవాళ్లు. పెళ్లి అనేది ఎప్పటికో వచ్చే బస్సులాగ, వస్తుందిలే అని అందరం స్టాండులో కూర్చుని ఉన్నాం.

ఆ బస్సు ఎక్కడికో వెళ్లిపోయింది. ఒక సాయంత్రం సత్యం మావ ఒక సంచీ నిండా పనసతొనలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మామూలుగా అయితే గుమ్మంలోంచే "అప్పా, అన్నం ఉందేటి" అని అరిచే మనిషి. ఆ రోజు కాళ్లు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, అరుగు మీద కూర్చుని చాలాసేపు పనసతొనల ధర గురించి మాట్లాడాడు. చివరికి చెప్పాడు. గవర్నమెంటు బడిలో మాస్టారి సంబంధం వచ్చింది. పిల్లవాడు మంచివాడు. వాళ్లంతట వాళ్లే అడిగారు. "కాదనలేకపోనానప్పా" అన్నాడు. మా అమ్మ లేచింది. లోపలికి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. మా అమ్మ కోపం వస్తే మనుషులతో మాట్లాడదు, గిన్నెలతో మాట్లాడుతుంది. ఆ రోజు వీధి చివరి వాళ్లకి కూడా వినిపించింది. మా నాన్న ధాన్యం లారీ మీద ఒడిశా వెళ్లి వచ్చి పడుకున్నాడు. ఆయన లేచి, విషయం విని, "అలాగేటి" అని మళ్లీ పడుకున్నాడు. ఇంటిల్లిపాదిలో కాస్త గుండె నిబ్బరం ఉన్నది ఆయనకే.

ఇక నేను. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో సినిమాలు చూసిన ఎవరికైనా తెలుసు. నేను కూడా శాస్త్రప్రకారం మొదలుపెట్టాను. అన్నం మానేద్దామనుకున్నాను, ఆ రోజు మా అమ్మ ఎండు చేపల పులుసు పెట్టింది. గడ్డం పెంచుదామనుకున్నాను. నాలుగు రోజులకి కాస్త నల్లగా కనిపించింది, అద్దంలో చూసుకుంటే నాకే నామీద జాలేసింది. ఐదో రోజు షావుకారు పిలిచి, "ఒరే, గడ్డంతో కంచిపట్టు కప్పుకుంటే సూసినోలు జడుసుకుంటన్నార్రా. గీసుకొస్తావా, సంచుల సెక్షనుకి మారతావా?" అన్నాడు. సంచుల సెక్షనంటే కొన్నవాళ్లకి సంచీలిచ్చే చోటు. అక్కడ ఫ్యాను లేదు. గీసుకున్నాను. విరహం మొహం మీద పెంచుకోడానికి వీల్లేని ఉద్యోగాలు ఉంటాయని ఎవరూ ముందు చెప్పరు.

కొట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వారం రోజులు ఏడిపిస్తారు, ఆ తర్వాత జాలి పడతారు. రెండోది భరించలేను. నవ్వు మాత్రం ఎప్పటికంటే ఎక్కువైంది. బేరాలు కూడా పెరిగాయి. ఆ నెల షావుకారు నాకో స్టీలు డబ్బా బహుమతిచ్చాడు. పైడిరాజు ఒక్కడే ఒకరోజు అద్దం ముందు నా గడ్డం గీసిన బుగ్గ మీద చెయ్యి వేసి, "ఇదెందుకు పెంచినావో నాను అడగను. ఎందుకు గీసినావో మాత్రం మర్సిపోకు" అని వెళ్లిపోయాడు.

నరసన్నపేటలో చీరల కొట్లు లేవా? బోలెడున్నాయి. అయినా మా అత్త, "మనోడు కొట్లో ఉండగా పరాయి కొట్టుకి ఎల్లడమేటి" అందట. ఆవిడ మంచితనం అలాంటిది. అందులో తప్పు వెతుకుదామంటే దొరకదు. వాళ్లు వచ్చే రోజు పొద్దున్న మా అమ్మ క్యారేజీ కట్టి, మూత బిగించి, మళ్లీ తీసి, మళ్లీ బిగించింది. పనసతొనల రోజు నుంచి తమ్ముడి పేరు ఎత్తని మనిషి, అప్పుడు ఎత్తింది.

"ఒరే. ఈయేల ఆలొస్తారు. నీ మొగం మాడిందనుకో, నా తమ్ముడు సూస్తాడు. సూసినాడంటే ఆడు సిగ్గుతో ఇంక నా గడప తొక్కడు. నాకున్నది ఆడొక్కడేరా."

"నా సంగతేటమ్మా మరి?"

"నీకేటి, నవ్వడానికే గదా నీకు జీతమిస్తన్నారు" అంది. అని, అటు తిరిగి ఏ గిన్నె దొరక్క పొయ్యి గట్టు తుడిచింది.

ఆ రోజు నాకు ఉన్న పని అదొక్కటే. చీర అమ్మినా అమ్మకపోయినా, మా అమ్మకి తమ్ముణ్ణి పోగొట్టకూడదు.

పదకొండు దాటాక దిగారు. మావ, అత్త, కుమారి, అత్త అప్పచెల్లెళ్లు ఇద్దరు. మావ గుమ్మం దాకా వచ్చి, "మీరు సూస్తుండండి, నాను కిల్లీ ఏసుకొస్తాను" అని ఎదురుగా ఉన్న బడ్డీ దగ్గరికి తప్పుకున్నాడు. పైడిరాజు నా మొహం చూశాడు, కుమారి మొహం చూశాడు, ఆయనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. "నాను సూసుకుంటాను, నువ్వు గొడౌన్లోకి పోరా" అని గొణిగాడు. ఈలోగా అత్త, "ఒరే అల్లుడూ!" అని కొట్టంతా వినపడేలా పిలిచింది. పాత అలవాటు. పిలిచి, నాలిక కరుచుకుని, చెంగు సర్దుకుంది. నేను మాత్రం తల ఒక పక్కకి వాల్చి, కళ్ల కింద కండలు పైకి లేపి, "అల్లుణ్ణి డిస్కౌంటు అడక్కూడదత్తా, అల్లుడే అడగాల" అన్నాను. అత్త అప్పచెల్లెళ్లు పకపకా నవ్వారు. గండం ఒకటి గడిచింది.

ఆ తర్వాత నేను ఆడిన ఆట ఆ కొట్టు ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకటి తర్వాత ఒకటి కప్పుకున్నాను. నీలం చీర కట్టి, "ఇది కడితే మాస్టారు అటెండెన్సు ఎయ్యడం మర్సిపోతారు" అన్నాను. పసుపు చీర కట్టి పీటల మీద సిగ్గుపడే పెళ్లికూతురిలా తల దించాను. చిన్నత్త నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు తెచ్చుకుంటే షావుకారు స్వయంగా మంచినీళ్లు తెచ్చాడు. పక్క బేరంలో ఉన్నవాళ్లు కూడా తమ చీరలు వదిలేసి ఇటు చూస్తున్నారు. "ఓలమ్మ, ఈడు కట్టుకుంటేనే ఇలాగున్నాదంటే మన కుమారికి ఎలాగుంటాదో!" అని పెద్దత్త. కుమారి ఒక్కతే గోడకి ఆనుకుని, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ కూర్చుంది. అడిగితే "ఏదోటి" అంటుంది.

చివరికి ఈ చీర తీశాను. కుచ్చిళ్లు దోపుతుంటే బెల్టు బకిలుకి జరీపోగు ఒకటి పట్టుకుని సర్రున లాగింది. చూశాను. అలాంటప్పుడు ఎవరూ చూడకుండా పీసు మార్చెయ్యాలి. కానీ ఆ రంగులో అదొక్కటే పీసు. అద్దంలో కుమారి కళ్లు నా బెల్టు మీదే ఉన్నాయి. అది కూడా చూసింది. చూసి, ఆ రోజు మొట్టమొదటిసారి నోరు విప్పింది.

"ఇది సూద్దాం."

"ఇది రాణీ రంగే" అంది అత్త. "పెళ్లికి ఎరుపు ఉండాల గదే."

"ట్యూబులైట్ కింద అలాగే అగుపిస్తాదమ్మా. ఎండలో సూడాల."

ఎండలో చూడడమంటే ఏమిటో చీరల కొట్లో పనిచేసినవాళ్లకే తెలుసు. చీర విప్పి బయటికి తీసుకెళ్లరు. కట్టుకున్నవాడే బయటికి నడవాలి. అంటే నేను. మెయిన్ రోడ్డు మీదికి. మిట్టమధ్యాహ్నం. మిరపపండు పట్టుచీరలో.

నడిచాను. కొంగు ఎగరకుండా పట్టుకుని, మెట్లు దిగి, సైకిళ్ల మధ్యనుంచి ఎండ పడే చోటికి వెళ్లి నిలబడ్డాను. రాజాం రోడ్డు సంగతి మీకు తెలుసు, ఉత్తప్పుడే అడ్డం వచ్చిన ఆవుకి సలహాలిస్తారు. ఒక ఆటోవాడు బ్రేకు వేసి, "ఓలె పెళ్లికూతురా, ఎక్కు, స్టాండు కాడ దింపీసెత్తాను!" అన్నాడు. కొబ్బరిబొండాలవాడు కత్తి పక్కన పెట్టి దణ్ణం పెట్టాడు. మిల్లు నుంచి బస్తాలు తీసుకెళ్తున్న రిక్షావాడు ఆగి, "మరి పెళ్లికొడుకేడిరా?" అని అడిగాడు. "సెలవు దొరకలేదంటన్నా" అన్నాను. రోడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. పైడిరాజు నేర్పినట్టే, కళ్ల కింద కండలతో సహా.

అప్పుడు చూశాను, మావ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నాడు. నవ్వని మనిషి రోడ్డు మీద ఆయన ఒక్కడే. నోట్లో కిల్లీ ఉంది, నమలడం లేదు. కళ్లు నిండిపోయాయి. ఇంకొక్క క్షణం ఆగితే అక్కడే, ఆ బడ్డీ ముందు, జనంలో, ఏదో అనేస్తాడు. అనేస్తే మా అమ్మ పొద్దున్న చెప్పింది జరిగిపోతుంది. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆయన దగ్గరికి గబగబా నడిచి వెళ్లాను.

"ఏటి మావా, కిల్లీలో సున్నం ఎక్కువేసినాడా?"

మావ నన్ను చూశాడు. చీరని చూశాడు.

"అవున్రా. ఎదవ, సున్నం ఎక్కువేసినాడు."

"ఉమ్మేసి నీళ్లు తాగు. సీరెలాగున్నాది?"

"బాగున్నాదిరా" అని, ఆ పైట అంచుని రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు వదల్లేదు. "శానా బాగున్నాది."

బడ్డీవాడు మాత్రం తన సున్నం మీద అభాండం వేసినందుకు చాలా బాధపడ్డాడు. వెనక్కి తిరిగేసరికి కుమారి కొట్టు మెట్ల మీద ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలీదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చీర చూడ్డానికి అంతసేపు అక్కర్లేదు. నేను ఇంకొంచెం నవ్వు జోడించాను, కొసరుగా. "ఇదే తీసుకుందామమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది.

గొడౌన్‌లోకి వెళ్లి చీర విప్పి మడత పెట్టాక, ఇక ఏడవచ్చు అనుకున్నాను. ఏర్పాట్లన్నీ కుదిరాయి. చీకటిగా ఉంది, ఎవరూ లేరు, కూర్చోడానికి దుప్పట్ల కట్ట ఉంది. గట్టిగా ఊపిరి పీల్చాను. కలరా ఉండల ఘాటు ముక్కులోకి పోయి తుమ్ములు మొదలయ్యాయి. వరసగా. ఆపకుండా. పైడిరాజు తలుపు తోసి, చేతిలో సగం సమోసాతో వచ్చాడు. మిగతా సగం ఆయన నోట్లో ఉంది. "ఏడుపొస్తే ఏడువురా, తప్పునేదు. కానీ బేగి ఏడువు. మీ అత్త సుట్టాలకెట్టే పెట్టుబడి సీరలు కూడా సూపించమంటన్నాది" అన్నాడు. తుమ్ముతూ తుమ్ముతూ సమోసా తిన్నాను. నా హృదయం ముక్కలైన సందర్భం అది. ఉల్లిపాయ కొంచెం పచ్చిగా ఉంది.

పెళ్లికి మా అమ్మ వెళ్లింది. మావ గుమ్మంలోనే ఎదురొచ్చి అప్ప కాళ్లకి వంగితే, వీపు మీద ఒక్కటి చరిచి, "అన్నం ఉందేటి" అని అడిగింది. అంతే, వాళ్ల కోర్టు కేసు కొట్టేశారు. నేను వడ్డన చూసుకున్నాను. మాస్టారికి గుమ్మడికాయ పులుసు రెండుసార్లు వడ్డించాను. మంచివాడే, నాకేం అభ్యంతరం కనిపించలేదు, అదొక్కటే ఇబ్బంది. పీటల మీద కుమారి కుచ్చిళ్లు చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఎవరో తెలియనివాళ్లు పెట్టారు, ఒకటి లావు, ఒకటి సన్నం. వెళ్లి సర్దుదామని నా చేతులు లేచాయి, సాంబారు గిన్నె ఉండబట్టి ఆగాయి. లాగిన జరీపోగు ఆ కుచ్చిళ్లలోనే ఎక్కడో కలిసిపోయింది.

ఇప్పుడు చీరల కొట్లలో ఒంటి మీద వేసుకునే కుర్రాళ్లు తగ్గిపోయారు. ఫైబరు బొమ్మలున్నాయి. పొద్దున్న మొహం దిద్దుకోక్కర్లేదు, తయారైనప్పుడే దిద్దేశారు. ఫోన్లలో అమ్మేవాళ్లు వెలుగు పెట్టుకుని, రంగు మార్చుకుని, ఎండ అవసరం లేకుండానే చీరలమ్ముతున్నారు. పైడిరాజు పని మానేసి ఇంటి దగ్గర ఉన్నాడు. ఎప్పుడైనా చూడ్డానికి వెళితే మంచం మీద ముడుచుకుని, మొహం చిట్లించుకుని కూర్చుంటాడు. "నవ్వవేటి బాబాయ్" అంటే, "నవ్వీ నవ్వీ అరిగిపోనాన్రా. ఇప్పుడు నా సొంత మొగం ఎట్టుకున్నాను, బలే సుకంగా ఉన్నాది" అంటాడు. నిజానికి ఆ చిట్లించిన మొహంలో ఆయన చాలా సంతోషంగా ఉంటాడు.

కుమారి ఇప్పుడు విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్లో కూర్చుంటోంది. పోయిన నెల ఆ మధ్యాహ్నం మా టైలరు చీర పరిచి కోత గీతలు పెడుతుంటే, నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని జంతికలు తింటూ ఆ సంగతులు చెప్పింది. "మా మేనేజరు కూడా మీ పైడిరాజులాంటోడే బావా. ఎవులు సచ్చినా ఎవులు బతికినా మనం నవ్వుతా 'సెప్పండి సార్' అనాలంట."

"నేర్సుకున్నావా?"

"నాన్నకి గుండెనొప్పొచ్చినప్పుడు నేర్సుకున్నాను."

ఆ సంగతి నాకు తెలుసు. మావని ఆ ఆసుపత్రికే తీసుకెళ్లారు. బతికాడు. ఇప్పుడు కిల్లీ మానేసి, కిల్లీ తినేవాళ్లందరికీ ఉపన్యాసాలిస్తున్నాడు. తెలియనిది తర్వాత చెప్పింది.

"నాన్న లోపలున్నాడు. నాను బయట కౌంటర్లో ఉన్నాను, ఆ రోజు ఇంకెవులూ రానేదు డ్యూటీకి. వచ్చినోలందరికీ నవ్వుతా టోకెన్లు ఇస్తన్నాను. ఎదురుగా గాజు తలుపు. అందులో నా మొగం నాకే అగుపించినాది. ఈ నవ్వు ఎక్కడో సూసినాననుకున్నాను. సాయంత్రం దాకా అదే ఆలోసన. డ్యూటీ దిగి మెట్లు దిగుతుంటే తెలిసినాది. రాజాం రోడ్డు మీద సూసినాను. ఎర్ర సీరలో."

నేను జంతిక ముక్క ఒకటి తీసుకున్నాను. ఇలాంటప్పుడు నోరు ఖాళీగా ఉండకూడదు.

"ఆ రోజు నాను బయటికొచ్చింది రంగు సూడ్డానికి కాదు బావా. నీ మొగం సూడ్డానికి. మాడుంటే ఇంటికెల్లి నాన్నకి సెప్పీదును."

"ఏటని?"

"ఒద్దని."

టైలరు చేతిలో సుద్దముక్క ఆగింది. విరిగినట్టుంది.

"ఎండలో ఎంత తేటగా అగుపించినాదో నీ నవ్వు. ఈడికేటీ నేదు, నానే ఎర్రిదాన్ని అనుకున్నాను. కౌంటర్ నవ్వని నాకేటి తెలుసు అప్పుడు? కౌంటర్లో కూసున్నాక తెలిసినాది."

మా అమ్మకి తమ్ముణ్ణి మిగిల్చిన నవ్వు అది. అమ్మిన సరుకు ఇంత బాగుందని ఏ కొనుగోలుదారూ నాకు ఇంతవరకూ చెప్పలేదు. "ముందో మాట సెప్పొచ్చు గదే. నవ్వడం మానేద్దును. ఆ రోజు దవడలు కూడా నొప్పెట్టినాయి" అన్నాను. కుమారి పకపకా నవ్వింది. "అబ్బే, నవ్వులాటకన్నాను బావా" అంది. తల ఒక పక్కకి కొంచెం వాలి ఉంది. కళ్ల కింద కండలు పైకి లేచి ఉన్నాయి. నవ్వుల్లో ఇన్నేళ్లు బతికినవాణ్ణి, ఏది ఏ నవ్వో చెప్పడంలో నాకు మించినవాడు ఈ తాలూకాలో లేడు. చెప్పలేకపోయాను.

మా ఆవిడ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. వెనక గది తలుపు చాలా పల్చన, ఆ గదిలో ఉన్నవాళ్లకి అన్నీ వినిపిస్తాయి. "అయ్యో సెల్లీ, అప్పుడే ఒద్దనీసుంటే నా జనమ బాగుపడీది గదా" అంది. అందరం పడీ పడీ నవ్వాం. టైలరు కూడా నవ్వాడు. అతనికి ఏం అర్థమైందో తెలీదు. నవ్వుతూనే మా ఆవిడ నా గ్లాసులో మాత్రం ఇంకో చెంచా పంచదార వేసింది. నాకు పంచదార తగ్గించమని రోజూ పోరే మనిషి.

టైలరు చీరలో ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ పోగు లాగీసినాదండి, ఈ ముక్క తీసి పక్కన పడేద్దామా?" అని అడిగాడు. కుమారి వంగి చూసి, "ఒగ్గీండి, కుచ్చిళ్లలో కలిసిపోతాది" అంది.

అంతవరకూ ఫోన్లో తల దూర్చి ఉన్న దాని కూతురు అప్పుడు లేచి వచ్చింది. నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది, వరసలు అలాగే ఉంటాయి, మనం అనుకున్నట్టు ఉండవు. చీర చూసి మూతి తిప్పింది. "పెదనాన్నా, ఇది పింకు. నాకు పింకొద్దు. అమ్మ రెడ్డని సెప్పినాది."

"రెడ్డేనే. ట్యూబులైట్ కింద అలాగ అగుపిస్తన్నాది" అంది కుమారి. "ఎండలో సూడాల." అని నావైపు చూసింది.

కొయ్యకముందు అయితేనే చూడగలం. లేచాను. ఒకప్పుడు ఈ చీర నా చుట్టూ తిరిగి ఇంకా కొంగు మిగిలేది. ఇప్పుడు పొట్ట దగ్గరే సగం ఖర్చయిపోయింది. కుచ్చిళ్లకి మిగిలినదాన్ని బెల్టులో దోపుదామంటే బెల్టు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. మా ఆవిడ పిన్నీసు పెట్టింది. పిల్ల ఫోన్లో వీడియో తీస్తూ నేల మీద దొర్లింది. పైట సర్దుకుని మెట్లు దిగి, స్కూటర్ల మధ్యనుంచి, ఎండ పడే చోట నిలబడ్డాను. ఒక ఆటోవాడు హారను కొట్టి ఏదో అన్నాడు. కుమారి గుమ్మంలోకి వచ్చి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"రెడ్డే!" అని అరిచింది పిల్ల.

చీర రంగు నేను కూడా చూశాను, మిరపపండే. నా మొహం ఎలా ఉందో మాత్రం తెలీదు. అద్దం లోపలే ఉండిపోయింది.